అలాగేనండి అన్నారంటే పాటించరని అర్థం

ఆస్పత్రిలో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. గది బయట డైటీషియన్ అని బోర్డు ఉండేది గానీ, ఆ మాటతో కుస్తీ పట్టే ఓపిక మా గోదావరి వాళ్లకి లేదు. పథ్యం మేడమ్ గారు అనేవాళ్లు. రిటైరైన రోజున దండ వేసి, మైకులో కూడా అదే పేరు చదివారు. ఆ మాట వింటే నాకు ముప్పై ఏళ్లూ ఒళ్లు మండేది. పథ్యం అంటే మనవాళ్ల ఉద్దేశంలో ఏదో ఒకటి మానెయ్యడం. వంకాయ మానెయ్యాలి, గోంగూర మానెయ్యాలి, పెరుగు మానెయ్యాలి, చివరికి చారన్నమూ బీరకాయా మిగలాలి. నా పనేమో జనం చేత తినిపించడం.

ఈ మధ్య ఆస్పత్రిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, ఉద్యోగంలో ఏం నేర్చుకున్నారో రాసిపెట్టమన్నారు. ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి రాయను. అవి మీకూ వస్తాయి, వచ్చాక మీరూ మర్చిపోతారు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. చదువుకున్నదాన్ని, ఇక్కడే పుట్టి పెరిగినదాన్ని, మన మాట మనకే అర్థం కాకపోవడమేంటని ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పట్లో మాత్రం నవ్వు రాలేదు.

నీరసం అండి

రాజమండ్రిలో మా ఆస్పత్రికి వచ్చేవాళ్లలో నా వాటాకి ఎక్కువగా కాళ్లో చేతులో సరిగా సహకరించనివాళ్లు పడ్డారు. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం దెబ్బతిన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, చిన్నప్పుడే పోలియో వచ్చినవాళ్లు. జబ్బులు వేరు గానీ అందరి నోటా ఒకటే మాట. నీరసం అండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు లోలోపల ఒక అనుమానం ఉండేది. రోజంతా కూర్చునే ఉంటారు కదా, నీరసం ఎందుకని. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మారాలంటే ఒళ్లంతా రెండు చేతుల మీద లేపుకోవాలి. మనం కాళ్లతో చేసే పని వాళ్లు భుజాలతో చేస్తారు, అదీ రోజుకి ఎన్నోసార్లు. కాబట్టి వాళ్లకి కండ నిలబడే తిండి కావాలి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు తినాలి. అన్నం మాత్రం చూసుకుని పెట్టుకోవాలి. ఒంట్లో పెరిగిన ప్రతి కిలోనీ మోసేది ఆ భుజాలే మరి. ఇదంతా పుస్తకాల్లో ఉంది, మీరూ చదివే ఉంటారు. పుస్తకంలో లేనిది చెబుతాను.

షావుకారు గారి కాజా

మన దగ్గర మర్యాద ఎక్కువ. డాక్టరు చెప్పినా, మాస్టారు చెప్పినా, ఇంటికొచ్చిన చుట్టం చెప్పినా మొహాన కాదనరు. రామచంద్రపురంలో కిరాణా కొట్టున్న షావుకారు ఒకాయన పక్షవాతంతో మా దగ్గర చేరారు. కుడిచెయ్యి పనిచెయ్యదు, పైగా షుగరు. నేను అరగంట సేపు ఏది తినాలో, ఏది తినకూడదో చెప్పాను. ప్రతి మాటకీ ఆయన తలూపి, అలాగేనండి, అలాగేనండి అన్నారు. ఎంత బుద్ధిమంతుడైన పేషెంటు అని మురిసిపోయాను.

రెండు వారాల తర్వాత బస్టాండు పక్కన మిఠాయి కొట్లో కనిపించారు. ఎడంచేత్తో కాజా తింటున్నారు. దాచుకోలేదు సరికదా, పక్క కుర్చీ చూపించి పిలిచారు.

"రండి మేడమ్ గారూ, కూర్చోండి. ఇప్పుడే పాకంలోంచి తీశారండి."

"మానేస్తానన్నారు కదండీ?"

"అలాగేనన్నానండి," అన్నారాయన నిమ్మళంగా. "మానేస్తానని ఎప్పుడన్నానండి?"

నేనూ నవ్వేసి వచ్చేశాను. ఆస్పత్రిలో అందరికీ ఈ కథ చెప్పి నవ్వించాను కూడా. అలాగేనండి అంటే మీ మాట విన్నాను, ఇక ఆపండి అని అర్థం. అది ఒప్పుకోవడం కాదు. ఆ రోజే నాకు బుద్ధి రావలసింది. నవ్వుకోవడంతోనే సరిపెట్టాను.

ప్రమీల టీచర్

ప్రమీల గారు రామచంద్రపురం పక్కన ఒక ఊళ్లో ఒకటో తరగతి టీచరు. నలభై దాటిన మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడ్డాయి. చాలా ఏళ్లు చంకకర్రలతో నడిచి, భుజాలు అరిగిపోయాక చక్రాల కుర్చీలోకి వచ్చారు. పక్కచక్రాలున్న స్కూటీ తనే నడుపుకుంటూ స్కూలుకెళ్లేవారు. స్కూల్లో కుర్చీ ఉండేది. నవ్వు మొహం, పిల్లల గురించి మాట్లాడితే ఆపేవారు కాదు.

మొదటిసారి వచ్చినప్పుడే తన భయమేంటో చెప్పారు.

"మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు తిరుగుతున్నాయండి. బల్ల మీద తల వాల్చేస్తున్నాను. హెడ్మాస్టారు మంచివారేనండి. దసరా సెలవుల తర్వాత నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి, ఫోన్లో అటెండెన్సులూ అవీ చూసుకోమంటున్నారు. క్లాసు వేరే టీచరుకి ఇస్తారంట."

"అది సుఖమే కదండీ?"

"నేను చదువు చెబుదామని వచ్చానండి. ఆ చిన్నవాళ్లు అఆలు రాయడం మొదలుపెట్టినప్పుడు చూడాలండి. అది పోతే ఇంక స్కూలుకెందుకండి నేను."

అప్పటికి సెలవులు రెండు నెలల దూరంలో ఉన్నాయి. రక్తపరీక్షలు చూశాను, డాక్టరు గారు రక్తం కాస్త తక్కువుందని మాత్రలు రాశారు. నేను నా పనితనమంతా చూపించి చార్టు రాశాను. పొద్దున్నే మొలకలు, జొన్నరొట్టె, వారానికి మూడుసార్లు ఉలవలు, ఆకుకూర, జామకాయ. కింద ఎర్ర ఇంకుతో, నీళ్లు బాగా తాగాలి. ఆవిడ చదువుకుని, అలాగేనండి అన్నారు.

ఆవిడ అత్తగారు దీనమ్మ గారు ఆ చార్టుకి ఫ్రేము కట్టించి వంటింట్లో బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించారట. ఉలవలు నానబెట్టడం దగ్గర్నుంచి అంతా ఆవిడే చూసుకున్నారు. కోడలు పొద్దున్నే తినేదాకా ఎదురుగా నిలబడేవారట. నా ఉద్యోగంలో నా చార్టుకి ఫ్రేము కట్టించినవాళ్లు ఆవిడొక్కరే. తెలిసినప్పుడు నేను పొంగిపోయాను.

నెల తర్వాత ప్రమీల గారు వచ్చారు. మొహం వాడిపోయింది.

"ఎలా ఉందండీ?"

"బాగానే ఉందండి. పొట్ట కొంచెం బరువుగా ఉంటోంది."

"నీళ్లు బాగా తాగుతున్నారా?"

"అలాగేనండి."

నేను అది అలాగే రాసుకుని, పొట్ట బరువంటున్నారు కాబట్టి పీచు ఇంకాస్త పెంచాను. ఇంకో జామకాయ, ఇంకో కట్ట తోటకూర. ఆవిడ మళ్లీ అలాగేనండి అని, దండం పెట్టి వెళ్లారు.

ఏ ప్రశ్నకి జవాబు?

మూడు వారాలు తిరక్కుండా ఆవిడని ఆటోలో తీసుకొచ్చారు. కడుపునొప్పి, జ్వరం, నాలుక పిడచకట్టుకుపోయింది. డాక్టర్ మూర్తి గారు చేర్చుకుని సెలైన్ పెట్టించారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీళ్లు లేవు, మలబద్ధకం. తర్వాత నన్ను పిలిచారు.

మూర్తి గారికీ నాకూ పడేది కాదు. మాట కరుకు, అందరి ముందూ అనేసేవారు. నర్సులు ఆయన్ని చూస్తే గోడకి అతుక్కుపోయేవారు. అలా ఉండటం తప్పని ఇప్పటికీ అంటాను. కానీ చెవి మాత్రం బంగారంలాంటిది, పేషెంటు ఏ మాట అన్నారో ఆ మాటే పట్టుకునేవారు.

"ఈవిడకి ఉలవలు రాసిందెవరు?"

"నేనేనండి."

"నీళ్లు?"

"తాగుతున్నానన్నారండి."

"అన్నారా? మీ కాగితం చదవండి."

పేషెంటు మాటని ఉన్నదున్నట్టు రాసుకోవడం నాకు అలవాటు. తీసి చదివాను. తాగుతున్నారా అన్నది నా ప్రశ్న. ఎదురుగా నా చేతిరాతలో అలాగేనండి అని ఉంది.

"తాగుతున్నారా అని అడిగితే, తాగుతున్నానండి అనాలి, లేదండి అనాలి," అన్నారాయన. "అలాగేనండి అనేది ఏ ప్రశ్నకి జవాబండీ?"

నీళ్లు తాగని మనిషికి పీచు పెంచుకుంటూ పోతే అది లోపల బిగుసుకుపోతుందని మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. ఆవిడ నీరసం పోగొడదామని నేనే ఆవిడని మంచం ఎక్కించాను. ఆ మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యబుద్ధి కాలేదు.

"ఆవిడ కోలుకుని స్కూలుకెళ్లాక మీరూ వెళ్లండి. రోజంతా కూర్చోండి," అన్నారు.

"నాకు ఓపీ ఉందండి."

"వాళ్లకీ ఇలాంటి చార్టులే రాస్తారు కదా. ఒక్కరోజు రాయకపోతే వాళ్లకే మంచిది."

మందారం మొక్క

పదిరోజుల తర్వాత బస్సులో, అక్కణ్ణించి ఆటోలో వెళ్లి ఒకటో తరగతి గదిలో వెనక కూర్చున్నాను. ప్రమీల గారి చదువు చూసి తీరాలి. ఒక్కో అక్షరానికీ ఒక్కో కథ. ఒళ్లో స్టీలు సీసా నిండా నీళ్లున్నాయి. పదకొండైంది, మూత తియ్యలేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు సగం తిని, అన్నం కెలికి, పళ్లెం పక్కన పెట్టేశారు. మూడు గంటలకి ఆవిడ చెప్పినట్టే జరిగింది. మాట నెమ్మదించింది, చెయ్యి బల్ల మీద ఆనింది, పిల్లలకి బొమ్మలు గీసుకోమని చెప్పి కళ్లు మూసుకున్నారు.

నాలుగింటికి గంట కొట్టాక, ఆవిడ కుర్చీ తిప్పుకుంటూ వరండా చివరికెళ్లి సీసాలో నీళ్లన్నీ మందారం మొక్కకి పోసేశారు. స్కూలు మొత్తంలో ఆ మొక్కే ఏపుగా ఉంది. నేను వెనకే నిలబడి ఉన్నాను.

"సీసా నిండుగా ఇంటికెళ్తే అత్తయ్య గారు బాధపడతారండి," అన్నారు తల తిప్పకుండా.

"ఎందుకు తాగరండీ?"

ఆవిడ చెయ్యి చాపి చూపించారు. స్కూలు ఆవరణ అవతల మూలన బాత్రూమ్. మూడు మెట్లు, సన్న తలుపు, అదీ లోపలికి తెరుచుకునేది.

"మొదట్లో వంటచేసే మంగమ్మ గారూ, ఇంకో టీచరు గారూ ఎత్తుకెళ్లేవారండి. ఒకరోజు చెయ్యి జారింది. పడ్డాను. పిల్లలందరూ చూశారండి. అప్పట్నుంచీ ఇంట్లో బయల్దేరే ముందు నించి మళ్లీ ఇంటికెళ్లేదాకా తాగను. తిన్నా ఇబ్బందేనని తినడం తగ్గించాను."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"మీరు అంత శ్రద్ధగా రాసిచ్చారు. కాదంటే బాగుండదు కదండి." నవ్వారు. "మీరూ అడగలేదండి. ఏం తింటారనే అడిగారు."

అమ్మాయిలూ, నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది. తినడం గురించి వంద ప్రశ్నలడిగాను, తిన్నాక ఎక్కడికెళ్తారు, ఎవరు తీసుకెళ్తారు అని ఒక్కసారి అడగలేదు. నడవగలిగినదాన్ని కాబట్టి నాకది తట్టలేదు. మీరు చార్టు రాసే ముందు అది అడగండి. సిగ్గుపడి చెప్పకపోతే, వెళ్లి చూడండి.

హెడ్మాస్టారి ప్రయాణం

హెడ్మాస్టారు వెంకట్రాజు గారు భారీ మనిషి, మాట వెన్న. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. మెట్ల పక్కన వాలుదారి కట్టించి, తలుపు వెడల్పు చేసి, బయటికి తెరుచుకునేలా పెట్టించమని అడిగాను.

"అలాగేనండి," అన్నారాయన. "చూద్దామండి."

అప్పటికి నాకు ఆ మాటకి అర్థం బాగా తెలిసొచ్చింది.

"మాస్టారూ, ఈ అలాగేనండి వల్లే మీ టీచరు గారు సెలైన్ పెట్టించుకున్నారండి. ఎప్పుడో చెప్పండి."

"పైనుంచి ఆర్డరు రావాలండి మేడమ్ గారూ."

"రానివ్వండి. నేను ఇక్కడే కూర్చుంటాను. రేపు ఎలాగూ మీ స్కూల్లో భోజనం ఉంది కదా."

ఆయనకి నవ్వొచ్చింది. లేచి వరండాలోకి వచ్చారు. ప్రమీల గారు అప్పటికే స్కూటీ ఎక్కేశారు, కుర్చీ ఖాళీగా ఉంది. ఏమనుకున్నారో ఏమో, వెళ్లి అందులో కూర్చున్నారు. కుర్చీ కిర్రుమంది. చక్రాలు తిప్పుకుంటూ ఆవరణ దాటి వెళ్లారు. ఇసుకలో రెండుసార్లు ఇరుక్కున్నారు, నేను తొయ్యబోతే వద్దన్నారు. మొదటి మెట్టు దగ్గర ఆగిపోయారు. చాలాసేపు తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు. చొక్కా వెనకంతా చెమట.

"మూడేళ్లయిందండి ఆవిడ కుర్చీలోకి వచ్చి," అన్నారు చివరికి. "నేను రోజూ ఈ దారినే నడుస్తానండి." లేచి చేతులు దులుపుకున్నారు. "ఒక పిల్లాడి నాన్న తాపీమేస్త్రి. సెలవుల్లో అయిపోతుంది. ఇసుక తీసి దారి కూడా గట్టి చేయిస్తాను."

ఈసారి అలాగేనండి అనలేదని గమనించాను.

"మరి క్లాసు?"

"సెలవుల తర్వాత రెండు వారాలు చూస్తానండి. మూడింటికి ఆవిడ పాఠం చెబుతూ కనిపిస్తే ఆ క్లాసు ఆవిడదే. పిల్లల చదువు కూడా నేను చూసుకోవాలి కదండి."

ఆ మాటకి నేను వంక పెట్టలేకపోయాను.

ఫ్రేము దించిన రోజు

సెలవుల్లో వాళ్లింటికెళ్లాను. నా చార్టు గోడ మీంచి నేనే దించాను. దీనమ్మ గారికి మనసొప్పలేదు.

"ఉలవలు తీసేస్తే ఎలాగండి? ఓపిక రావద్దా?"

"ముందు నీళ్లు రానివ్వండి. ఉలవలు ఎక్కడికీ పోవు."

కొత్త చార్టు ప్రమీల గారే రాశారు, టీచరు రాత, గుండ్రంగా. నేను పక్కన కూర్చుని అడిగినప్పుడే చెప్పాను. పొద్దున్న వాళ్లింట్లో మొదట్నుంచీ అలవాటున్న పెరుగన్నం, ఉల్లిపాయ ముక్క, ఉడికించిన గుడ్డు. ఆవిడకి మొలకలు అసలు పడవట, రెండు నెలల్లో ఆ ముక్క అప్పుడు చెప్పారు. పదకొండింటికి గ్లాసు నీళ్లు, ఆ తర్వాత బాత్రూమ్. భోజనంలో గుడ్డు పూర్తిగా, పప్పు గట్టిగా, అన్నం కొంచెం. తిన్నాక పావుగంట కళ్లు మూసుకోవడం. రెండింటికి మజ్జిగ. రాత్రి అత్తగారి చేపల పులుసు, ఆకుకూర ఏదో ఒకటి.

"మీ చార్టులో అన్నింటికీ టైముంది గానీ బాత్రూమ్‌కి టైము లేదండి మేడమ్ గారూ," అన్నారు రాస్తూ. నన్ను ఆటపట్టిస్తున్నారు. అంత చనువు నాకు హాయిగా అనిపించింది.

ఒకటి చెప్పాలి. తిండి వల్ల పోలియో పోదు. ఆవిడ భుజం నొప్పి అలాగే ఉంది, దానికి వ్యాయామాలు వేరే. సాయంత్రానికి అలసట కూడా ఉంటుంది, అది ఆ జబ్బుతో వచ్చిందే. తిండితో అంతా నయమైపోతుందని మీరు ఎవరికీ మాటివ్వకండి. ఉన్న ఓపికని వృథా కాకుండా కాపాడటం వరకే మన చేతిలో ఉంది, అదేమీ చిన్న పని కాదు.

స్కూలు తెరిచేసరికి వాలుదారీ, వెడల్పాటి తలుపూ సిద్ధమయ్యాయి. మొదటి వారం ఎలాగో ఉగ్గబట్టుకున్నాను. రెండో వారం బుధవారం ఇక నా వల్ల కాలేదు. ఓపీలో పేషెంట్లు తగ్గాక గడియారం చూస్తే మూడు దాటి పది నిమిషాలు. ఆవిడ తల వాల్చేసే సమయమని తెలుసు. తెలిసే ఫోన్ చేశాను. నాలుగుసార్లు మోగింది, ఎత్తలేదు. పెట్టేద్దామనుకుంటుండగా ఎత్తారు. వెనక పిల్లల గోల, బల్లల మీద దరువు, ఎవరో నవ్వుతున్నారు.

"ప్రమీల గారూ, పథ్యం మేడమ్‌నండి. ఎలా ఉన్నారోనని. ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

"కుదరదండి," అన్నారావిడ. గొంతు ఖంగుమంది. "ఒత్తులు చెబుతున్నాను. నాలుగు దాటాక చెయ్యండి."

ఫోన్ పెట్టేశారు. నేను అది చేత్తో పట్టుకుని అలాగే నవ్వుతూ కూర్చున్నాను. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. మూర్తి గారు అటుగా వెళ్తూ తలుపు దగ్గర ఆగారు.

"ఏమైందండీ?"

"ప్రమీల టీచరు గారు కుదరదన్నారండి," అన్నాను.